చీకటి చూడ్డానికి వచ్చినవాళ్లు

పందిపిల్ల ఎప్పుడు తినాలో, ఎంత వెలుతురులో తినాలో పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా, మా క్షేత్రంలో పందిపిల్లలు తమకు తోచినట్టు తినేవి. ఇది క్రమశిక్షణ లేకపోవడమని మాకెవరికీ తట్టలేదు.

నేను సూకరాభివృద్ధి మండలి వారి క్షేత్రంలో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై రెండేళ్ల సర్వీసు. మా ఆఫీసులో 'పంది' అని రాస్తే ఫైలు వెనక్కి వస్తుంది, 'సూకరం' అని రాస్తే ముందుకి పోతుంది. పాలు మాన్పించడాన్ని 'స్తన్య విరమణ' అంటాం. ఈ రెండు మాటలూ వచ్చినవాడికి మా దగ్గర ఏ ఇబ్బందీ ఉండదు. అవి రాని మనిషి క్షేత్రం మొత్తానికి ఒక్క పారమ్మే. పదిహేడేళ్లుగా రోజుకూలి మీద పందుల్ని చూసుకునేది కూడా ఆవిడే.

ఆ ఏడు సంక్రాంతి వెళ్లిన వారానికి మా డైరెక్టరు డాక్టర్ త్రివిక్రమరావు గారు ఎక్కడో మూడు రోజుల సదస్సుకి వెళ్లి, నల్ల అట్ట పుస్తకంతో తిరిగొచ్చారు. వస్తూనే అందరినీ పిలిచారు. తల్లి దగ్గర్నుంచి విడదీసిన పందిపిల్లలు మొదటి రెండు మూడు రోజులు మేత ముట్టవనీ, అప్పుడు ఎక్కువ గంటలు వెలుతురు ఉంటే త్వరగా తిండికి అలవాటుపడతాయనీ, తల్లి దగ్గర ఇంకొన్నాళ్లు ఉంచితే మరీ మంచిదనీ దేశదేశాల్లో అనుకుంటున్నారట.

గుమ్మం దగ్గర నిలబడ్డ పారమ్మ నవ్వేసింది. "అదేటి బాబూ, దానికి దేశాలెందుకు? ఎలుగుంటే కదా తొట్టి ఎక్కడున్నాదో కనిపిస్తాది. నాను రాత్రేల లైటొగ్గీసే ఉంచుతాను. అమ్మ కాడ నెలా పది రోజులుంటే ఆటికే బుద్ధొస్తాది."

"అది అనుభవం పారమ్మా," అన్నారు డైరెక్టరు గారు జాలిగా. "అనుభవానికి ఆధారాలుండవు. ప్రయోగం చెయ్యాలి."

ప్రయోగం అక్కడికక్కడే రూపుదిద్దుకుంది. ఒకటో నంబరు షెడ్డులో రోజుకి ఇరవై గంటలు వెలుతురు. రెండో నంబరు షెడ్డులో పూర్తి చీకటి. ఒక్కో షెడ్డులో మూడు తల్లులూ వాటి పిల్లలూ. రెండింట్లోనూ ఇరవై ఒకటో రోజున స్తన్య విరమణ. నెలా పది రోజుల మాట ఏమైందని నేను అడిగాను. సదస్సులో చెప్పినవి రెండు విషయాలనీ, మనకి మంజూరైంది ఒక్క ప్రయోగమేననీ ఆయన చెప్పారు.

చివర్లో పారమ్మ వైపు తిరిగి, "రెండు షెడ్లూ నీవే. పిల్లలు ఎదగకపోయినా, ప్రాణనష్టం జరిగినా బాధ్యురాలివి నువ్వే. పనిలోంచి తీసేయాల్సొస్తుంది, తర్వాత నన్ననకు," అన్నారు. ఆవిడ నవ్వు అక్కడ ఆగింది.

ముందు ఒకటో షెడ్డు సంగతి చెబుతాను. అది వెలుతురు షెడ్డు కాబట్టి కిటికీలన్నిటికీ నల్ల బరకాలు కట్టించారు. కంగారు పడకండి, దీనికి కారణం ఉంది. ప్రయోగంలో వెలుతురు నియంత్రితంగా ఉండాలి. సూర్యుడు మా శాఖ నియంత్రణలో లేడు. మబ్బు పట్టిన రోజున ఆయన్ని సంజాయిషీ అడిగే అధికారం మాకు లేదు. అందుకని సూర్యుణ్ణి మినహాయించి ట్యూబులైట్లు మంజూరు చేశారు. పద్దెనిమిది ట్యూబులు వచ్చాయి, పాత బల్బులు పీకేసి బిగించారు కూడా. వాటికి కావలసిన చోకులు మాత్రం ఇంజినీరింగు విభాగం ద్వారా రావాలి. ఆ విభాగం వారు చోకులు పంపడానికి ముందు, లైట్లు వెలుగుతున్నట్టు ధ్రువపత్రం అడిగారు.

ఆ ఉత్తరప్రత్యుత్తరాలు నడుస్తుండగా ఇరవై ఒకటో రోజు వచ్చింది. డైరెక్టరు గారు పదిన్నరకి వచ్చి, తల్లుల్ని వేరే దొడ్లోకి తోలించి, టీ తాగి వెళ్లిపోయారు. ఇరవై ఎనిమిది పిల్లలు చీకట్లో మిగిలాయి. రిజిస్టరులో మాత్రం 'వెలుతురు: ఇరవై గంటలు' అని రోజూ రాసేవాణ్ణి, ఎందుకంటే మంజూరైంది ఇరవై గంటలే.

మూడో రోజు పారమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. "బాబూ, ఒక్క గింజ ముట్టనేదండి. అన్నీ ఒక మూలకెళ్లి ఒకదాని మీదొకటి పడుకుని ఏడుత్తన్నాయి. తొట్టి ఎక్కడుందో ఆటికి తెల్దు. ఆ బరకం ఒక్కటి ఇప్పీండి. నీకు దణ్ణం పెడతాను."

నేను నోటు పెట్టాను. సాయంత్రానికే ఎర్ర సిరాలో జవాబొచ్చింది. 'వెలుతురు మంజూరైయున్నది. మంజూరైన వెలుతురులో సూకర శిశువులు మేత తీసుకొనకపోవుట సంరక్షకురాలి అలసత్వము.' వారంలో నాలుగు పిల్లలు చచ్చిపోయాయి. పారమ్మకి మొదటి మెమో నేనే టైపు చేశాను. ఆవిడ చదువుకోలేదు కాబట్టి నేనే చదివి వినిపించి, నేనే వేలిముద్ర వేయించుకున్నాను. ఇరవై రెండేళ్లలో నా ఉద్యోగం మీద నాకు రోత పుట్టింది ఆ రోజే.

ఇక రెండో షెడ్డు. అదీ బరకాలు కట్టిన షెడ్డే. అయితే వెలుతురు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది, ప్రభుత్వం వారి చీకటి రాష్ట్రం మొత్తంలో మా దగ్గరే ఉంది. మండలి చైర్మన్ గారికి ఆ సంగతి తెలిసి ముచ్చటపడ్డారు. చీకటి షెడ్డులో స్తన్య విరమణ తమ చేతుల మీదుగా జరగాలన్నారు. డైరెక్టరు గారి ఆనందానికి హద్దుల్లేవు.

చైర్మన్ గారి సిద్ధాంతి పంచాంగం చూసి, ఇరవై ఒకటో రోజుకి మూఢం ఉంటుందన్నాడు. మూఢంలో శుభకార్యాలు చేయకూడదు. తల్లినీ పిల్లల్నీ విడదీయడం శుభకార్యమెలా అవుతుందని నాకు అనుమానం వచ్చింది గానీ, రిబ్బను కత్తిరించేది ఏదైనా మా దగ్గర శుభకార్యమే. మూఢం వెళ్లాక, నలభై ఒకటో రోజున ముహూర్తం కుదిరింది. అంతదాకా రెండో షెడ్డు పిల్లలు తల్లుల దగ్గరే ఉండిపోయాయి.

ఈలోగా చీకటిని చూడ్డానికి జనం రావడం మొదలెట్టారు. మొదట జిల్లా నుంచి సంయుక్త సంచాలకులు గారొచ్చారు. గుమ్మం దాటి రెండడుగులు వేసి ఆగిపోయారు.

"ఏమయ్యా, ఏమీ కనబడ్డం లేదు?"

"అదే సార్, చీకటి," అన్నారు డైరెక్టరు గారు వినయంగా.

"నాకు కనబడకుండా చీకటని రిపోర్టు ఎలా రాయమంటారు? లైటు వెయ్యండి."

లైటు వేశారు. ఆయన షెడ్డంతా కలియదిరిగి, మూలమూలలా చూసి, ఒకచోట గోడ తడిమి, "చాలా చక్కటి చీకటి. ఎక్కడా లోపం లేదు," అని సంతకం చేశారు. లోపలున్నంతసేపూ పందిపిల్లలు తల్లి పక్కన నిలబడి, తొట్టిలో మేతని ఆసక్తిగా వాసన చూశాయి. రెండు తిన్నాయి కూడా.

తర్వాత ఫొటోగ్రాఫరు వచ్చాడు. వాడు తీసిన ఫొటో నల్లగా వచ్చిందని మండలి తిప్పి పంపింది. చీకటి స్పష్టంగా కనబడేలా మళ్లీ తీయమన్నారు. అప్పుడే టెంటు హౌసు ముత్యాలు రంగంలోకి దిగాడు. చైర్మన్ గారి సభ కోసమని జనరేటరూ, ఆరు పెద్ద ఫోకస్ లైట్లూ, వరస బల్బుల దండలూ తెచ్చి షెడ్డులో కట్టేశాడు. సభ మూఢం తర్వాతకి వాయిదా పడిందంటే విప్పనన్నాడు. "ఇప్పి మళ్లీ కట్టాలంటే నానేటి పిచ్చోణ్ణా?" అన్నాడు. సామాను ఎవరైనా ఎత్తుకుపోతారని భయపడి, లైట్లు వేసే ఉంచి, తన మనిషిని ఒకణ్ణి అక్కడే మంచమేసి పడుకోబెట్టాడు. వాడు అర్ధరాత్రి దాటాక ఏ నాలుగు గంటలపాటో ఆర్పేవాడు.

పగలు సందర్శకులు. పాలిటెక్నిక్ విద్యార్థులు, బ్యాంకు ఫీల్డు ఆఫీసర్లు, మహిళా సంఘాలు, పక్క రాష్ట్రం నుంచి పద్నాలుగు మంది. ఒకాయన ఫోకస్ లైటు కింద నిలబడి, కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇంతటి చీకటిని తమ జిల్లాలో అమలు చెయ్యడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగాడు. దశలవారీగా చెయ్యాలన్నారు డైరెక్టరు గారు.

నలభై ఒకటో రోజున చైర్మన్ గారు వచ్చారు. తల్లుల దొడ్డికీ పిల్లల దొడ్డికీ మధ్య ఎర్ర రిబ్బను కట్టాం. "ఎన్నాళ్లిలా తల్లిపాల మీద ఆధారపడతారు?" అని ఆయన పందిపిల్లల్ని సూటిగా అడిగారు. "స్వయంపోషక సూకరమే మన లక్ష్యం!" అన్నారు. చప్పట్లు మోగాయి. కత్తిరించిన రిబ్బనుని ఒక తల్లి తినేసింది. పిల్లలు మాత్రం ప్రసంగం అయ్యేదాకా ఆగకుండా, తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్లి తలలు పెట్టేశాయి. అప్పటికే మూడు వారాలుగా తల్లి పక్కన మేత రుచి మరిగినవి కదా. జనం రావడం మానలేదు కాబట్టి లైట్లూ ఆగలేదు. ముత్యాలు తర్వాత కూడా సామాను విప్పలేదు, ఎండలు ముదిరి పెళ్లిళ్ల బేరాలు తగిలేదాకా.

అరవయ్యో రోజు తూకం వేశాం. వెలుతురు షెడ్డు పిల్ల సగటున ఎనిమిదిన్నర కిలోలు. చీకటి షెడ్డు పిల్ల పదహారు. సమీక్ష సమావేశంలో డైరెక్టరు గారు ఆ అంకెలు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సదస్సులో దేశదేశాల వాళ్లు చెప్పిందంతా తప్పని మా క్షేత్రం తేల్చేసింది. సూకరాభివృద్ధికి చీకటే శరణ్యం.

పారమ్మ ఊరుకోలేదు. "డాట్రు బాబూ, రెండో షెడ్డులో సీకటేదండి? పెళ్లిపందిరిలాగ ఎలిగిపోతంటేను! సీకటున్నది ఒకటో దాన్లోనండి. ఆ నాలుగూ అందుకే సచ్చిపోనాయి."

సమావేశం ఇబ్బందిగా కదిలింది. డైరెక్టరు గారు ఓపిగ్గా వివరించారు. "చూడు పారమ్మా. రెండో షెడ్డులో ఉన్నది సభా ఏర్పాట్లకి సంబంధించిన వెలుతురు. అది ప్రయోగంలోకి రాదు. ఒకటో షెడ్డులో లేనిది ప్రయోగానికి సంబంధించిన వెలుతురు. అది లెక్కలోకి వస్తుంది."

"మరి పాలు నలభయ్యో రోజు దాకా తాగినాయి కదండి."

"స్తన్య విరమణ తేదీ ఇరవై ఒకటో రోజే. ముఖ్య అతిథి రాకపోవడం వల్ల పిల్లలు ఆలస్యంగా పాలు మానాయి తప్ప, తేదీలో ఆలస్యమేమీ లేదు. రాసుకోండి," అన్నారు నాతో. రాసుకున్నాను.

నెల తిరక్కుండా రాష్ట్రంలోని తొమ్మిది క్షేత్రాలకీ ఉత్తర్వు వెళ్లింది. పుట్టిన రోజు నుంచీ సంపూర్ణ అంధకారం, ఇరవై ఒకటో రోజున ఖచ్చితంగా స్తన్య విరమణ. దాంతోపాటు పారమ్మకి రెండో మెమో వచ్చింది. వెలుతురు షెడ్డులో చనిపోయిన నాలుగింటికీ కారణం వెలుతురేనని రిపోర్టు తేల్చినా, బాధ్యత మాత్రం పారమ్మదేనట. ఈసారి ఒక్క ప్రాణం పోయినా ఆమెను తొలగించవలెను.

జ్యేష్ఠం ఆఖరున ఏడు పందులు ఈనాయి. అరవై నాలుగు పిల్లలు. బరకాలు కట్టారు. బల్బులు పీకేశారు. పదిహేనో రోజున పారమ్మ మళ్లీ నా బల్ల దగ్గరికి వచ్చింది. ఈసారి దణ్ణం పెట్టలేదు.

"ఈపాలి అరవై నాలుగండి. ఇంకో ఆరు రోజుల్లో తల్లుల్ని తోలీమంటారు. ఆ సీకట్లో ఎన్ని మిగులుతాయి? నన్ను తోలీడం ఎలగూ తోలీస్తారు. ఈ పందులు తప్ప నాకు మరొక పని రాదు బాబూ, ఈ వయసులో నన్నెవులు పెట్టుకుంటారు? అది సరే. ఆటి మొకాలు సూస్తే నాకు అన్నం ఎల్లట్లేదండి."

నేను చెయ్యగలిగిందేమీ లేదన్నాను. ఉత్తర్వుకి అడ్డం వెళ్లలేనన్నాను.

"అడ్డం ఎళ్లమన్నానేటి? ఎళ్లకండి." ఆవిడ గొంతు తగ్గించింది. "ఎవుల్నైనా పిలండి బాబూ, సీకటి సూడ్డానికి."

నేను ఆవిడ మొహంలోకి చూశాను. అందులో కొంటెతనం లేదు. పదిహేడేళ్లుగా పందుల అలవాట్లు చూసినావిడ, ఆర్నెల్లుగా మా అలవాట్లు కూడా చూసింది, అంతే.

"రోజూ ఎవులో ఒకలొస్తే సాలండి. మిగతాది ఆలే సూసుకుంటారు. లైటు ఆలే యేయమంటారు." గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగింది. "అన్నట్టు బాబూ, ఆ మూఢం మళ్లీ ఎప్పుడొస్తాది?"

క్యాలెండరు చూశాను. మూఢం లేదు గానీ ఆషాఢం నడుస్తోంది. శూన్యమాసం.

ఆ మధ్యాహ్నమే డైరెక్టరు గారి ముందు ఒక నోటు పెట్టాను. రాష్ట్రమంతటా అంధకార విధానం అమల్లోకి వస్తున్న ఈ చారిత్రక సందర్భంలో, తొలి అధికారిక స్తన్య విరమణ చైర్మన్ గారి చేతుల మీదుగా జరగడం సముచితమని రాశాను. ఆయన చదివి, 'చారిత్రక' దగ్గర గీత గీసి, పక్కన 'మిక్కిలి' అని చేర్చి సంతకం పెట్టారు. చైర్మన్ గారి కార్యాలయం నుంచి రెండు రోజుల్లో జవాబొచ్చింది. ఆషాఢంలో కుదరదు, శ్రావణం రానివ్వండి.

రెండో నోటు, 'అంధకార అధ్యయన యాత్రలు'. అనుబంధంగా నూట పదకొండు సంస్థల జాబితా. నా సర్వీసులో అంత ఇష్టంగా ఏ నోటూ రాయలేదు. రోజుకి నాలుగు బృందాలొచ్చాయి. పొద్దున్నే కళాశాలల వాళ్లు, మధ్యాహ్నం అధికారులు, చీకటిపడ్డాక రిటైరైన తహసీల్దార్ల సంఘం. వచ్చిన ప్రతి ఒక్కరూ గుమ్మంలో ఆగి, ఏమీ కనబడ్డం లేదన్నారు. ప్రతి ఒక్కరికీ, పీకేసిన బల్బు తెచ్చి బిగించి లైటు వేశాం. నాలుగో రోజుకి డైరెక్టరు గారే విసుక్కుని, మాటిమాటికీ బల్బు బిగించి పీకే కంటే ముత్యాల్ని పిలిపించి ఫోకస్ లైట్లు పెట్టించమన్నారు. ఆషాఢంలో పెళ్లిళ్లు లేక వాడూ ఖాళీగానే ఉన్నాడు.

ఒకటే గండం వచ్చింది. మండలి నుంచి ఒక కుర్ర శాస్త్రవేత్త చెప్పకుండా వచ్చాడు. షెడ్డులో నిలబడి పైకి చూశాడు. లైట్లు లెక్కపెట్టాడు. "ఇదేంటండీ, ఇక్కడ చీకటి ఎక్కడుంది?" అన్నాడు.

నేను చేతిలో రిజిస్టరు మూసేశాను. పారమ్మ చేతిలో మేత బక్కెట్టు కిందపెట్టింది. డైరెక్టరు గారు అతని భుజం మీద చెయ్యి వేసి, "కొత్తగా చేరారా?" అని ఆప్యాయంగా అడిగారు. "ప్రొబేషను ఎప్పటిదాకా?" అతను మరో నిమిషం లైట్ల వైపు చూసి, చీకటి బాగుందన్నాడు.

శ్రావణంలో చైర్మన్ గారు వచ్చి రిబ్బను కత్తిరించారు. అప్పటికి పిల్లల వయసు నలభై మూడు రోజులు. అరవై నాలుగింటికి అరవై నాలుగూ తొట్టి మీద పడ్డాయి. పారమ్మ గోడకి ఆనుకుని నిలబడి, చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చైర్మన్ గారు అది తమ ప్రసంగం వల్లనుకుని ఇంకో పావుగంట మాట్లాడారు.

తక్కిన ఎనిమిది క్షేత్రాల నుంచి మాత్రం కబుర్లు బాగా లేవు. అక్కడ ఉత్తర్వుని ఉన్నదున్నట్టు అమలు చేశారు. పిల్లలు మేత ముట్టడం లేదు, చిక్కిపోతున్నాయి, చచ్చిపోతున్నాయి. మండలి అత్యవసరంగా సమావేశమైంది. డైరెక్టరు గారు లేచి, లోపం చీకటిలో లేదనీ, చీకటి మీద పర్యవేక్షణ లేకపోవడంలో ఉందనీ నిరూపించారు. మా క్షేత్రంలో చీకటిని రోజుకి నాలుగు సార్లు పెద్దలు స్వయంగా పరిశీలిస్తున్నారు. అక్కడ ఎవరూ తొంగి కూడా చూడటం లేదు. ఎవరూ పట్టించుకోని చీకటిలో ఏ ప్రాణి ఎదుగుతుంది?

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. తొమ్మిది క్షేత్రాల్లోనూ రోజంతా తనిఖీ బృందాలు ఉండాలి. ప్రతి స్తన్య విరమణకీ ముఖ్య అతిథి రావాలి, మంచి ముహూర్తం కుదిరాకే జరగాలి. పదిహేను రోజుల్లో ఎనిమిది క్షేత్రాల్లోనూ పిల్లలు తేరుకున్నాయి. డైరెక్టరు గారికి శాలువా కప్పారు.

అదే సమావేశంలో కొత్త పోస్టు ఒకటి సృష్టించారు, 'అంధకార పర్యవేక్షకులు' అని. మా క్షేత్రంలో ఆ పోస్టుకి పారమ్మని తీసుకున్నారు, పర్మినెంటుగా. పాత మెమోలు రెండూ రద్దు. ఉత్తర్వు కాగితం పట్టుకుని నేనే షెడ్డుకి వెళ్లాను. ఆవిడ బక్కెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది.

"సదవండి బాబూ. తిన్నగా సదవండి, ఏటీ ఒగ్గీకండి."

చదివాను. షెడ్డునందు చీకటి సంపూర్ణముగాను, నిరంతరాయముగాను ఉన్నదీ లేనిదీ ప్రతి గంటకూ కళ్లారా చూచి, రిజిస్టరునందు నమోదు చేయవలెను. విధి సమయము ఉదయం నాలుగు నుంచి అర్ధరాత్రి వరకు, తోడుగా ఒక సహాయకురాలు.

ఆవిడ వేళ్లు ముడుచుకుంటూ గంటలు లెక్కపెట్టింది. "ఇరవై," అంది మెల్లగా. నాకూ అప్పుడే తట్టింది.

"ఇరవై గంటలూ కళ్లారా సూడాలన్నమాట."

"అవును."

"మరి లైటో?"

ఆ మాట నిర్ధారించుకోవడానికి డైరెక్టరు గారి గదికి వెళ్లాను. ఆయన శాలువా మడత పెట్టుకుంటున్నారు. నా ప్రశ్న విని చిరాకుపడ్డారు. "ఇన్నేళ్ల సర్వీసు ఉండి అదేం ప్రశ్నయ్యా? లైటు లేకుండా చీకటిని ఎలా తనిఖీ చేస్తారు?" అని, నేను అడక్కుండానే ఎనిమిది బల్బులకి ఇండెంటు మీద సంతకం పెట్టి ఇచ్చారు.

ఆ బల్బులు ఇప్పటికీ వెలుగుతున్నాయి. నేను రోజూ సాయంత్రం రిజిస్టరు తీసుకుని వెళతాను. పారమ్మ చేతులు కడుక్కుని, ఇరవై గళ్లలోనూ వరసగా వేలిముద్రలు వేస్తుంది. ఎదురుగా నేను 'చీకటి సంతృప్తికరం' అని రాస్తాను. మొన్న అలా రాస్తుండగా, ఒక పిల్ల తొట్టిలోంచి తల ఎత్తకుండానే రెండోదాన్ని పక్కకి తోసేసింది. పారమ్మ దాన్ని ప్రేమగా తిట్టి, "మరి రాత్రేల ఆ నాలుగు గంటలూ ఆర్పీమంటారేటి బాబూ?" అని అడిగింది.

ఉత్తర్వు మళ్లీ మొదట్నుంచీ చదివాను. ఆర్పమని ఎక్కడా లేదు.